కొండ పోయిందండీ

గోరింకకు ఆ పేరు పెట్టింది మేనత్త. మాటలు వచ్చీరాని వయసులోనే ఎవరు ఎలా మాట్లాడితే అలా తిరిగి అప్పజెప్పేదట. పక్కింటావిడ సాగతీత, బడిలో పంతులమ్మ దగ్గు, వీధి చివర కొట్టువాడి గొణుగుడు, ఒక్కటీ వదిలేది కాదు. తల్లి పోయాక ఆ పిల్లను పెంచింది మేనత్తే. పెద్ద హోటలు వెనక ఉన్న లాండ్రీలో దుప్పట్లు ఇస్త్రీ చేసే పని ఆవిడది. ఆవిరికి ముఖం ఎప్పుడూ ఎర్రబడి ఉండేది. నోరు అంతకన్నా వేడి.

వాళ్ళు కొండవాళ్ళు. నగరం ఓడలవాళ్ళది. ఓడలవాళ్ళ ముత్తాతలు ఒడ్డుకు దిగి మొదట తాగడానికి నీళ్ళు అడిగారు, తర్వాత పడుకోవడానికి చోటు అడిగారు, ఆ తర్వాత అడగడం మానేశారు. ఏకై వచ్చి మేకై కూర్చున్నారని కొండవాళ్ళలో ముసలివాళ్ళు అనేవారు. ఇప్పుడు చట్టం ముందు అందరూ ఒకటే. బస్సులో ఎవరు ఎక్కడైనా కూర్చోవచ్చు. కొండవాళ్ళ పక్క సీటు మాత్రం ఎందుకో చివరి స్టాపు దాకా ఖాళీగానే ఉంటుంది.

గోరింక బడికి వెళ్ళే రోజుల్లో వాళ్ళ కొండను రాళ్ళ కంపెనీకి ఇచ్చేశారు. తాతముత్తాతలను పాతిపెట్టిన కొండ అది. నల్లరాయి, మధ్యమధ్య వెండి చుక్కలు. మందుగుండు పెట్టి పేలుస్తున్నారని తెలిసి మేనత్త సెలవు పెట్టి, పిల్లను వెంటబెట్టుకుని గనుల ఆఫీసుకు వెళ్ళింది. కిటికీ అవతల గుమాస్తా తలెత్తకుండానే, "ఏం పోయింది?" అన్నాడు.

"కొండ పోయిందండీ."

"మీదేనని గుర్తేమైనా ఉందా?"

"మా నాన్న లోపలే పడుకుని ఉన్నాడు. లేపి అడుగు."

గుమాస్తా కిటికీ మూసేశాడు. వాళ్ళు వచ్చిన దారినే ఇంటికొచ్చారు. ఆ సాయంత్రం చుట్టుపక్కల వాళ్ళంతా చేరి తలలు వేలాడేసుకుని కూర్చుంటే, గోరింక లేచి ఆ గుమాస్తాను దించింది. వాడి ముక్కు పీల్పు, తలెత్తని చూపు, కిటికీ మూసేటప్పుడు చిటికెన వేలు ఎత్తిపెట్టడం, అన్నీ. ముందు ఎవరో కిసుక్కుమన్నారు. తర్వాత అందరూ నవ్వారు. మేనత్త కళ్ళ వెంట నీళ్ళు కారేలా నవ్వి, గోడకు చేరగిలబడిపోయింది. పోయిన కొండ తిరిగి రాలేదు గానీ, ఆ పూట ఇంట్లో అందరూ అన్నం తిన్నారు.

ఆ పిల్లే పెద్దదై, టీవీలో వారం వారం వచ్చే హాస్య కార్యక్రమానికి రచయిత్రి అయింది. ఆ చానల్లో రాసే పనికి వచ్చిన మొదటి కొండమనిషి ఆమే. నిర్మాత ఓడలవాళ్ళావిడ, నెమ్మదైన మనిషి, మాట మెత్తన. మొదటి రోజే గోరింక రెండు చేతులూ పట్టుకుని, "మీవాళ్ళ గొంతు మాకు కావాలి, అమ్మాయ్. నువ్వేం రాయాలనుకుంటే అది రాయి," అంది.

గోరింక నమ్మింది. పోయిన వస్తువుల కౌంటర్ అని ఒక స్కిట్ రాసింది. రైల్వే స్టేషన్‌లో గొడుగులు, సంచులు పోగొట్టుకున్నవాళ్ళు వచ్చే కౌంటర్. అక్కడికి కొండవాళ్ళ ముసలావిడ ఒకతె వచ్చి, కొండ పోయిందండీ అంటుంది. గుమాస్తా ఏమాత్రం కంగారు పడకుండా రంగేమిటి, చివరిసారి ఎక్కడ చూశారు, మూత ఉందా అని అడుగుతూ పోతాడు. గుమాస్తా ఎంత మర్యాదగా మాట్లాడితే అంత సిగ్గేయాలి చూసేవాళ్ళకు. అదీ ఆమె లెక్క.

మీటింగులో అందరూ పగలబడి నవ్వారు. నవ్వు ఆగాక నిర్మాత కళ్ళజోడు తీసి తుడుచుకుంది.

"అద్భుతం. ఒక్క చిన్న మాట. 'మా నాన్న లోపలే ఉన్నాడు' అనేది తీసేద్దామా? మరీ బరువుగా ఉంది. నవ్వే మనిషి గొంతులో ముల్లు పడ్డట్టుంటుంది."

"పడాలనే కదండీ రాసింది."

"పడాలమ్మా, పడాలి. కానీ ఈసారికి వద్దు."

మర్నాడు దర్శకుడు, గుమాస్తాది తప్పు అన్నట్టు కాకుండా వాడికీ పైనుంచి ఒత్తిడి ఉన్నట్టు చూపిద్దాం అన్నాడు. ఆ తర్వాత లాయరొచ్చి, రాళ్ళ కంపెనీ అనే మాట వద్దన్నాడు. కొండ దానంతటదే పోయినట్టు ఉంటే ఎవరికీ ఇబ్బంది ఉండదట. కొండను తవ్వి ఎలుకను పట్టడం అంటే ఏమిటో గోరింకకు అప్పుడు తెలిసొచ్చింది. అయినా ఎలుకైనా ప్రాణమే కదా, వదిలేస్తే అదీ ఉండదని ఒప్పుకుంది.

ముసలావిడ వేషం గోరింకే వేసింది. రికార్డింగ్ మధ్యలో దర్శకుడు వచ్చి, "ఆ అద్దం తలుపు దానంతటదే తెరుచుకుంటుంది కదా, దాన్ని చూసి బెదిరి ఒక అడుగు వెనక్కి వెయ్యి," అన్నాడు.

"మా మేనత్త పనిచేసే హోటల్లో అలాంటివి చాలా ఉన్నాయండీ. ఆవిడెందుకు బెదురుతుంది?"

"మీ మేనత్త కాదుగా, ఇది పాత్ర."

లైట్లు వేసి ఉన్నాయి, జనం కూర్చుని ఉన్నారు, అందరూ ఆమె కోసం ఆగి ఉన్నారు. విసుగ్గా ఒక అడుగు వెనక్కి వేసింది. ఆ రోజంతటిలో అంత పెద్ద నవ్వు దేనికీ రాలేదు.

స్కిట్ ప్రసారమైంది, ఊరంతా అంటుకుంది. గుమాస్తా మాటలు ఒక్కరికీ గుర్తులేవు. అందరి నోటా ఒకటే మాట: కొండ పోయిందండీ. బస్సులో కుర్రకారు, కూరల కొట్లో బేరమాడే ఆడవాళ్ళు, ఆఫీసుల్లో పెన్ను కనబడని పెద్దమనుషులు, అందరూ ఆ సన్నని వణుకు గొంతుతోనే అంటున్నారు. గోరింక దించింది ఎవరి గొంతును? మేనత్త గొంతునే మరి. వేరే గొంతు ఎక్కడినుంచి తెస్తుంది?

ఒక సాయంత్రం మేనత్త పనినుంచి వచ్చి, చెప్పులు విప్పకుండానే కుర్చీలో కూలబడింది.

"లాండ్రీలో సూపర్‌వైజర్ నన్నేమని పిలుస్తున్నాడో తెలుసా? కొండమామ్మట. ఇవాళ తలుపు తీసి పట్టుకుని, 'భయపడకు, కరవదులే' అన్నాడు. పదిమందిలో."

"అత్తా, నేను రాసింది అది కాదు..."

"రాసింది ఎవరు చూశారే? చూపించింది చూశారు. ఆ రోజు మనింట్లో నువ్వు వాణ్ణి దించితే వాణ్ణి చూసి నవ్వాం. ఇప్పుడు వాళ్ళింట్లో నన్ను దించావు, నన్ను చూసి నవ్వుతున్నారు. అంతే తేడా."

"తలుపు దగ్గర అడుగు వెనక్కి వెయ్యమంది దర్శకుడు."

"వేసింది ఎవరి కాలు?"

 ముల్లు వచ్చి అరిటాకు మీద పడ్డా, అరిటాకు వెళ్ళి ముల్లు మీద పడ్డా చిరిగేది ఏదో ఇద్దరికీ తెలుసు. ఇక్కడ ఆకును ముల్లు మీదికి తోసింది సొంత మేనకోడలే. అదే మేనత్త బాధ. ఆ వారమంతా ఆవిడ అన్నం పెట్టింది గానీ, ఎదురుగా కూర్చుని తినలేదు.

మరుసటి మీటింగులో మిఠాయిలు పంచారు. పైవాళ్ళు కొండమామ్మను ప్రతి వారం చూపించమన్నారట. కొండమామ్మ బ్యాంకులో, కొండమామ్మ విమానంలో, కొండమామ్మ ఈతకొలనులో.

"నేను రాయను. వెయ్యను కూడా," అంది గోరింక.

నిర్మాత నొచ్చుకుంది. నిజంగానే నొచ్చుకుంది, ఆ మనిషిలో నటన లేదు, అదే చిక్కు. "నీ మనసు నాకర్థమవుతుందమ్మా. మీవాళ్ళంటే నాకెంత గౌరవమో నీకు తెలుసు. కానీ పాత్ర చానల్‌ది కదా. నువ్వు వద్దంటే ఇంకెవరైనా వేస్తారు. నువ్వు దగ్గరుండి చూసుకుంటే తప్పులు దొర్లకుండా ఉంటాయి."

దగ్గరుండి చూసుకోవడం అంటే ఏమిటో, ఆ కౌంటర్ స్కిట్టే మళ్ళీ తీసిన రికార్డింగ్ రోజున తెలిసింది. గోరింక మేకప్ గదిలోకి వెళ్ళేసరికి కుర్చీలో నవ్వులరాణి కూర్చుని ఉంది. ఓడలవాళ్ళలో ఆమె పేరు చెబితే పసిపిల్లలు కూడా నవ్వుతారు, అంత పేరున్న నటి. మెడ చుట్టూ తువ్వాలు కట్టుకుని, ముఖానికి సగం దాకా మట్టిరంగు పూయించుకుని ఉంది. మేకప్ ఆవిడ పళ్ళెంలో రెండు మూడు రంగులు కలుపుతూ, తల తిప్పి గోరింకను చూసి సంబరపడింది.

"సమయానికొచ్చావు తల్లీ. నీ చెయ్యి ఒక్కసారి ఇలా పెట్టు, రంగు సరిచూసుకుంటా. ఇందాకట్నుంచి కుదరట్లేదు. ఒకసారి ఎరుపెక్కువవుతోంది, ఒకసారి బూడిద కొడుతోంది."

గోరింక చెయ్యి వెనక్కి లాక్కుంది. నవ్వులరాణి అద్దంలోనుంచే ఆమెను చూసింది.

"నీకేం అభ్యంతరం లేదు కదా? నాకు మీ ముసలమ్మలంటే ప్రాణం. పాపం, ఎంత అమాయకులో."

"మా ఇంట్లో ఉన్నావిడ అమాయకురాలు కాదండీ."

"అదే చెప్తున్నా. ఆ కోపం కూడా ఎంత ముద్దుగా ఉంటుందో!"

అరిచి లాభం లేదు. గోడకైనా తగిలితే చప్పుడొస్తుంది. ఈ మెత్తదనానికి ఏం తగిలినా లోపలికి పోవడమే. గోరింక బయటికొచ్చి వరండాలో గోడకు ఆనుకుని నిలబడింది. 

అప్పుడే దర్శకుడు తల పట్టుకుని వచ్చాడు. గుమాస్తా వేషం వేసే నటుడికి గొంతు పూర్తిగా పోయిందట, గుసగుస తప్ప రావడం లేదట. జనం వచ్చి కూర్చున్నారు, ఇప్పుడు ఎవర్ని తేవాలి?

"ఆ మాటలన్నీ రాసింది నేనే. నేను వేస్తాను," అంది గోరింక.

దర్శకుడు ఆమెను ఎగాదిగా చూశాడు. "నువ్వా? గుమాస్తా మావాడు కదా..."

"ఆవిడ ముఖానికి రంగు పట్టింది కదా, నా ముఖానికి పట్టదా?"

అతనికి వేరే దారి లేదు. మేకప్ ఆవిడ పాలిపోయిన రంగు పూసింది, జుట్టు టోపీలోకి దోపింది, గుమాస్తా కళ్ళజోడు పెట్టింది. ఈ రంగు మాత్రం మొదటిసారికే కుదిరింది. డబ్బాల్లో తయారుగా ఉంటుంది మరి.

లైట్లు వెలిగాయి. నవ్వులరాణి వంగి వంగి నడుచుకుంటూ వచ్చి, అద్దం తలుపు చూసి ఒకటికి మూడడుగులు వెనక్కి గెంతింది. జనం ఊగిపోయారు. చేతులు జోడించి అందరూ ఎదురుచూస్తున్న ఆ మాట అంది. మళ్ళీ చప్పట్లు.

గోరింక గుమాస్తాలా ముక్కు పీల్చలేదు. కళ్ళజోడు తీసి నెమ్మదిగా తుడుచుకుంది. తర్వాత నిర్మాత గొంతుతో, అచ్చం ఆ మెత్తదనంతో, "అయ్యో, కూర్చోండమ్మా. మీ మనసు నాకర్థమవుతుంది. మీవాళ్ళంటే నాకెంత గౌరవమో మీకు తెలుసు," అంది.

కెమెరాల వెనక ఉన్నవాళ్ళు ముందు ఫక్కుమన్నారు. అంతలోనే ఎవరి గొంతో పోల్చుకుని నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నారు.

"కొండే కదమ్మా, ఎక్కడికి పోతుంది? వెతుకుదాం. నల్లరాయేనా? మధ్యలో వెండి చుక్కలా?"

ఈ మాటలు కాగితం మీద లేవు. నవ్వులరాణి తడబడి, "అవునండీ," అంది.

గోరింక కౌంటర్ దాటి జనం దగ్గరికి వచ్చింది. ఆ స్టూడియో గచ్చు నల్లరాయి. ఆ మాటకొస్తే నగరంలో బ్యాంకుల మెట్లు, ఆసుపత్రి వరండాలు, డబ్బున్నవాళ్ళ వంటిళ్ళలో గట్లు, అన్నీ ఆ రాయే. ఆమె ముందు వరస ఎదుట వంగి, "క్షమించాలి. ముసలావిడ వస్తువు ఒకటి పోయింది. మీ కిందేమైనా పడి ఉందేమో చూస్తాను. ఒక్కసారి కాళ్ళు ఎత్తుతారా?" అంది, ఎంతో మర్యాదగా.

అందరూ నవ్వుతూ కాళ్ళెత్తారు. సూటు వేసుకున్న ఒకాయన రెండు కాళ్ళూ చాపి మరీ ఎత్తాడు. వెనక వరసల వాళ్ళు మెడలు సాచి చూశారు.

గోరింక మోకాళ్ళ మీద కూర్చుని అరచేత్తో గచ్చు తుడిచింది. అద్దంలా మెరిసే రాతిలో వెండి చుక్కలు. "ఇదేనమ్మా. దొరికింది," అంది ముసలావిడ వైపు తిరిగి. తర్వాత ముందు వరసతో, "దించకండి. దయచేసి ఎవరూ దించకండి. వాళ్ళ నాన్న ఇందులోనే పడుకుని ఉన్నాడట," అంది.

ఒకరిద్దరు నవ్వబోయారు. ఆ నవ్వు పైకి రాలేదు. ఆ మాట ఇప్పుడు నిర్మాత గొంతుతో రాలేదు, గుమాస్తా గొంతుతోనూ రాలేదు. గోరింక సొంత గొంతుతో వచ్చింది. ముందు వరస కాళ్ళు గాలిలోనే ఉండిపోయాయి. దించితే ఏమవుతుందో తెలియదు, ఎత్తి ఉంచితే పిక్కలు లాగుతున్నాయి. ఒకావిడ పక్కనున్న మొగుడి ముఖం చూసింది. ఆయన తన బూట్ల వంక చూసుకుంటున్నాడు. స్టూడియోలో ఏసీ చప్పుడు తప్ప ఏమీ లేదు. నవ్వులరాణి నడుము నిటారుగా చేసి, మామూలు గొంతుతో, "ఇది స్క్రిప్టులో లేదు," అంది.

"కట్!" అని అరిచాడు దర్శకుడు.

ఎవరూ ఆమెను తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. నిర్మాత వచ్చి భుజం మీద చెయ్యి వేసి, "ఎంత శక్తి ఉందమ్మా నీలో! ఏం చేయాలో ఎడిటింగ్‌లో చూద్దాం," అంది. తన గొంతునే దించారని ఆవిడకు తెలిసిందో లేదో, ఆ ముఖం చూసి చెప్పడం ఎవరి తరమూ కాదు. జనం మాత్రం బయటికి పోతూ గచ్చు మీద ఆచితూచి అడుగులు వేశారు. గోరింక అది చూసింది. 

ప్రసారం రోజున మేనత్తను బతిమాలి టీవీ ముందు కూర్చోబెట్టింది. "ఈసారి చూడు అత్తా. ఒక్కసారి చూడు."

స్కిట్ మొదలైంది. గెంతులు, చప్పట్లు. గోరింక కళ్ళజోడు తుడుచుకోవడం కోసేశారు. కాళ్ళెత్తమనడం ఉంది. ఎత్తిన కాళ్ళను దగ్గరనుంచి, పైనుంచి, పక్కనుంచి మూడు కెమెరాలతో చూపించారు. వాళ్ళ నాన్న ఇందులోనే పడుకుని ఉన్నాడట అనే మాట కూడా ఉంది. ఆ మాట వెనకే స్టూడియో కప్పు ఎగిరిపోయేంత నవ్వు! పొట్ట పట్టుకుని నవ్వే నవ్వు, కీచుమనే నవ్వు, మధ్యలో ఈలలు. గాలిలో ఉన్న కాళ్ళ మీద కార్యక్రమం పేరు వచ్చింది.

మేనత్త తెర వైపే చూస్తూ అడిగింది. "అంత నవ్వారా?"

"ఎవరూ నవ్వలేదు అత్తా. ఒక్కరూ నవ్వలేదు. తర్వాత అతికించారు."

"నవ్వును కూడా అతికిస్తారా?"

"డబ్బాల్లో ఉంటుంది."

"మరి చూసేవాళ్ళకు అదెలా తెలుస్తుంది?"

తెలియదు. మర్నాడు బస్సులో ఇద్దరు కుర్రాళ్ళు ఒకడి కాళ్ళు ఒకడు ఎత్తి, మీ నాన్న ఉన్నాడేమో చూడరా అని పడీపడీ నవ్వుతుంటే గోరింక రెండు స్టాపులు ముందే దిగి నడిచింది. నడిచినకొద్దీ అడుగులు కోపంతో నేలను తన్నుతున్నట్టే పడ్డాయి. నేరుగా ఎడిటింగ్ గదికి వెళ్ళింది. శబ్దాలు చూసే ఇంజనీరు తల గీరుకున్నాడు. "అక్కడ ఖాళీ వచ్చిందమ్మా. అంత ఖాళీ ఉంటే జనం చానల్ మార్చేస్తారు. ఖాళీ వస్తే నింపడమే నా పని."

"అది ఖాళీ కాదండీ."

"శబ్దం లేకపోతే ఖాళీయే కదా?" అన్నాడతను, నిజంగానే అర్థం కాక.

నిర్మాత గదిలో గోరింక కూర్చోలేదు. "టైటిల్స్‌లో నా పేరు తీసెయ్యండి. రేపటినుంచి రాను."

నిర్మాత ముఖంలో మొదటిసారి కంగారు కనబడింది. "ఉద్యోగం మానేస్తానంటే నీ ఇష్టం. పేరు మాత్రం ఉండనివ్వమ్మా. పైనుంచి ఎవరైనా అడిగితే, మీవాళ్ళమ్మాయే రాసిందని చూపిస్తున్నాం. నీ పేరుంటే మాకో ధైర్యం."

అదా సంగతి, అనుకుంది గోరింక. ఇన్నాళ్ళూ ఆమె రాసిందేదీ వాళ్ళకు పనికిరాలేదు. పనికొచ్చింది చివర్లో రెండు క్షణాలు కనిపించే ఆ పేరొక్కటే. "అయితే అదే ముందు తీసెయ్యండి," అని బయటికొచ్చింది.

ఆ సాయంత్రం జరిగినదంతా చెప్పింది. మెచ్చుకుంటుందేమోనని ఒక ఆశ. మేనత్త కూర తరుగుతూ విన్నది. కత్తిపీట ఆపింది.

"అంటే, మానేశావు."

"ఇంకేం చెయ్యమంటావు?"

"నాకేం తెలుసు? నీ మీద ఎంత కోపం వచ్చినా ఒకటి అనుకునేదాన్ని. మనలోంచి ఒకత్తి లోపలికి వెళ్ళింది, ఇవాళ కాకపోతే రేపు ఒక మాటైనా బయటపడుతుందని. ఇప్పుడు అదీ లేదు. వాళ్ళకు పీడ విరగడైంది, ఇక అడ్డు చెప్పేవాళ్ళు ఎవరున్నారే?"

"నేనున్నప్పుడు మాత్రం ఏం ఆపాను? నా చేతే రాయించుకుని నా నోట్లోనే కుక్కారు."

"అలాగని నోరు ఇంట్లో పెట్టుకుని కూర్చుంటావా?"

"నిన్ను అమ్మేశానని నువ్వే అన్నావు కదత్తా! ఉంటే అమ్మేసినట్టు, వస్తే పారిపోయినట్టు. ఎటు పోయినా నాదే తప్పా?"

"అమ్మేశావని అనలేదు."

"అన్నంత పని చేశావు. ఎదురుగా కూర్చుని అన్నం కూడా తినలేదు."

మేనత్త ఇస్త్రీ వేడికి మొద్దుబారిన వేళ్ళతో కూర ముక్కలు ఒక పక్కకు నెట్టింది. ఆవిడన్నదీ నిజమే, గోరింకన్నదీ నిజమే. రెండు నిజాలకూ ఆ చిన్న వంటింట్లో చోటు చాలలేదు. గోరింక లేచి, సింకులో ఉన్న గిన్నెలు అడక్కుండానే తోమడం మొదలుపెట్టింది. చప్పుడయ్యేలా తోముతోంది.

"ఆ మూకుడు సొట్ట పడుతుంది, నెమ్మది," అంది మేనత్త.

గోరింక ఇంకా గట్టిగా తోమింది.